డ్రాయింగ్ ఎవరి దగ్గర ఉంది?

శనివారం ఉదయం ఆరున్నరకు మామయ్యగారి నుంచి ఫోటో వచ్చింది. తెరంతా నలుపు, ఎడమవైపు పై మూలన ఒక చిన్న గీత. నేను చూసేలోపే ఫోను మోగింది.

"అమ్మా, రాత్రి అప్‌డేట్ చేయమంటే చేశాను. ఇప్పుడు ఆన్ చేస్తే ఇక్కడే ఆగిపోయింది. గీత మాత్రం మిణుకుమిణుకుమంటోంది. లోపల ప్రాణం ఉన్నట్టేనా?"

"ఉంది మామయ్యా. కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. తెరకు బొమ్మ పంపే డ్రైవర్ లేవలేదు, అంతే. పెన్ను తీసుకోండి."

ఆయన కంప్యూటర్‌లో నడిచేది లైనక్స్. దాని కోసమే ఆయన దగ్గర ఒక రూళ్ళ నోట్‌బుక్ ఉంది. ప్రతి పేజీకీ మూడు గడులు: తేదీ, ఏమి మారింది, ఏమైంది. గీతలన్నీ స్కేలు పెట్టి గీసినవి. నేను ఫోనులో చెప్పిన ప్రతి మాటా అందులో చేరుతుంది. మేము వేలచ్చేరిలో, అత్తయ్య, మామయ్య పెరంబూరులో ఉంటాము. పనిరోజున వెళ్ళి రావాలంటే సగం రోజు పోతుంది కాబట్టి చాలా మరమ్మతులు ఫోనులోనే జరుగుతాయి.

ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాను. బోర్డు గుర్తు కనిపించగానే ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కమన్నాను. జాబితా వచ్చింది. రెండో వరుసలోకి వెళ్ళి, అక్కడున్న కెర్నెల్ (లైనక్స్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రాము) అంకెలను ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించారు. వాటిలో పాత అంకె ఉన్నదాన్ని ఎంచుకోమన్నాను. అర నిమిషంలో డెస్క్‌టాప్ వచ్చింది. "వచ్చింది, వచ్చింది" అని వెనక నుంచి అత్తయ్య గొంతు కూడా వినిపించింది.

కారణం పెద్దదేమీ కాదు. ఆ పాత గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ కెర్నెల్‌లో భాగంగా రాదు. కెర్నెల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే ఏర్పాటు దాన్ని ఆ కంప్యూటర్‌లోనే మళ్ళీ తయారు చేయాలి. అందుకు ఆ కెర్నెల్‌కు సంబంధించిన హెడర్ ఫైళ్ళు ఉండాలి. అవి తనంతట తాను తెచ్చుకునే ప్యాకేజీని నేనే మూడు నెలల కిందట డిస్కులో చోటు చేస్తూ తీసేశాను. కొత్త కెర్నెల్ వచ్చింది, హెడర్లు రాలేదు, డ్రైవర్ తయారు కాలేదు. తప్పు నాదే. కానీ ఒక్క ప్యాకేజీ లేకపోతే 69 ఏళ్ళ మనిషి పొద్దున్నే నల్లటి తెర ముందు కూర్చోవలసి రావడం నాకు నచ్చలేదు.

మర్నాడు పెరంబూరు వెళ్ళి, హెడర్లు పెట్టి, డ్రైవర్ తయారవుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాము. తెర మీద వరుసలు పరుగెడుతున్నాయి. మామయ్య అడిగారు: "ఇది మన కంప్యూటర్‌లోనే తయారవుతోంది కదా. అంటే డ్రాయింగ్ మన దగ్గర ఉన్నట్టేనా?"

సగం మాత్రమే ఉందని చెప్పాను. కెర్నెల్‌కు అతుక్కునే పై పొర మన దగ్గర తయారవుతుంది. లోపలి ముద్ద కంపెనీ నుంచి సీలు వేసుకుని వస్తుంది. అది ఎలా పనిచేస్తుందో బయటివాళ్ళకు కనిపించదు.

ఆయన 1979లో ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారు చేసే ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో చేరి, పెట్టెల లోపలి అమరిక చేసే విభాగంలో 37 ఏళ్ళు పనిచేశారు. ఐసీఎఫ్ 1955లో మొదలైనప్పుడు పెట్టెల నమూనా స్విట్జర్లాండ్ కంపెనీ సహకారంతో వచ్చింది. ఆ డ్రాయింగులు చేతికి వచ్చాక ఇక్కడివాళ్ళే వాటిని మార్చుకుంటూ దశాబ్దాల పాటు పెట్టెలు కట్టారు. ఆయన మాట ఇది: "డ్రాయింగ్ ఉన్న భాగం విరిగితే షాపులో మనమే చేసుకుంటాము. డ్రాయింగ్ లేని భాగం విరిగితే ఉత్తరం రాసి కూర్చుంటాము. ఉత్తరానికి జవాబు వచ్చేదాకా పెట్టె షెడ్డులోనే."

లైనక్స్ డెస్క్‌టాప్‌కు కార్డు ఎలా ఎంచుకోవాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఇంత క్లుప్తంగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను. కార్డును ఒక్కసారి కొంటాము. డ్రైవర్ మాత్రం కెర్నెల్ మారిన ప్రతిసారీ మళ్ళీ మన గుమ్మం ఎక్కుతుంది. అందుకే నేను ముందు డ్రైవర్‌ను చూస్తాను, ఆ తర్వాతే కార్డును. ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తాయన్నది ఆ తర్వాతి మాట.

కొత్త కార్డు కొందామని ఆ రోజే నిర్ణయించుకున్నాము. పాతదానికి ఎలాగూ ఫోను వీడియోలను కుదించే హెచ్ఈవీసీ పద్ధతిని విప్పడం రాదు. హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు పంపే 4కె వీడియో తెరిస్తే ప్రాసెసర్ పన్నెండు థ్రెడ్లూ నిండిపోయి, బొమ్మ ఆగి ఆగి నడిచేది. మామయ్య ఆ వీడియోలనూ, 90లలో హ్యాండీక్యామ్‌తో తీసిన క్యాసెట్లనూ కలిపి కెడెన్‌లైవ్‌లో కుటుంబం వీడియో ఒకటి కూర్చుతున్నారు. దాని కోసమే ఈ తిప్పలన్నీ పడుతున్నారు.

ఏఎండీ వైపు ఎందుకు మొగ్గానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2006లో చిప్పుల కంపెనీ ఏఎండీ, గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఏటీఐని కొన్నది. మరుసటి ఏడాది నుంచి చిప్పుల పత్రాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. 2015లో కెర్నెల్ 4.2తో ఏఎమ్‌డీజీపీయూ అనే డ్రైవర్ కెర్నెల్‌లోనే చేరింది. దాని మీద మీసా ఉంటుంది. బ్రయాన్ పాల్ 1993లో మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టే నేడు ఓపెన్‌జీఎల్, వల్కన్ (ప్రోగ్రాములు కార్డుతో బొమ్మలు గీయించుకునే పద్ధతులు), వీడియో విప్పడం అన్నీ చూసుకుంటుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ఘట్టం వల్కన్ డ్రైవర్‌ది. 2016లో డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హౌజెన్ కంపెనీ కోసం ఎదురుచూడకుండా ఆర్ఏడీవీ అనే డ్రైవర్ రాయడం మొదలుపెట్టారు. ఏఎండీవీఎల్‌కే (AMDVLK) అనే ఏఎండీ సొంత డ్రైవర్ 2017 చివరలో బయటికి వచ్చింది. రెండూ పక్కపక్కనే నడిచాయి. చివరికి 2025లో ఏఎండీ తన దాన్ని ఆపేసి, బయటివాళ్ళు మొదలుపెట్టిన ఆర్ఏడీవీకే మద్దతు పలికింది. డ్రాయింగ్ బయట ఉండబట్టే అది సాధ్యమైంది. ఈ సంగతి చెప్పినప్పుడు మామయ్య నోట్‌బుక్ పక్కన పెట్టి విన్నారు.

అంతా తెరిచిన పుస్తకమేనని అనను. కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ ఏఎండీది కూడా సీలు వేసిందే. అది ప్రత్యేక ప్యాకేజీగా వస్తుంది. అది లేకపోతే కార్డు సరిగ్గా లేవదు. లైనక్స్‌ను కట్టగట్టి ఇచ్చే డిస్ట్రిబ్యూషన్లలో ఒకటైన డెబియన్‌వాళ్ళు 2023లో వచ్చిన 12వ విడుదల నుంచి ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే చేర్చడం ఎందరికో తలనొప్పి తగ్గించింది.

ఏఎండీకి పోటీ కంపెనీ అయిన ఎన్విడియా గురించి పాత కోపంతోనే మాట్లాడేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ ఆ కంపెనీ మీద బహిరంగంగా మండిపడ్డ మాట నిజమే. బయటివాళ్ళు చిప్పును తవ్వి తవ్వి రాసిన నూవో డ్రైవర్, 2014లో వచ్చిన జీటీఎక్స్ 900 తరం నుంచి చిక్కులో పడింది. ఫర్మ్‌వేర్‌కు కంపెనీ సంతకం తప్పనిసరి కావడంతో కార్డు వేగాన్ని పెంచడం నూవోకు వీలుకాలేదు. కొత్త కార్డు కూడా నత్తనడకే నడిచేది. కానీ 2022 మేలో ఎన్విడియా తన కెర్నెల్ భాగం సోర్సు కోడ్ విడుదల చేసింది. ట్యూరింగ్, ఆ తర్వాతి తరాల కార్డులకు అది వర్తిస్తుంది. 2024లో 555 శ్రేణి వచ్చాక వేలాండ్‌లో (లైనక్స్‌లో కిటికీలను తెర మీద చూపే కొత్త ఏర్పాటు) కిటికీలు మిణుకుమనడం చాలావరకు తగ్గింది. మీసాలో ఎన్వీకే అనే వల్కన్ డ్రైవర్ కూడా ఎదుగుతోంది. గాలి మారింది. అయినా కెర్నెల్ పైన ఉండే భాగం ఇంకా మూసే ఉంది.

మా ఇంట్లో నా బల్ల మీద ఉన్నది ఎన్విడియా కార్డే. నా ఉద్యోగానికి 'కూడా' (CUDA) అవసరం, అంటే ఎన్విడియా కార్డుతో లెక్కలు చేయించే ఏర్పాటు. 'కూడా'తో రాసిన ప్రోగ్రాములకు సాటి వచ్చేది నా పనిలో మరొకటి దొరకలేదు. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో రెండరింగే జీవనాధారమైనవాళ్ళకు కూడా నేను అదే చెబుతాను. నేను అడ్డంకులు లేకుండా నడుపుకోవడానికి కారణం ఒక్కటే: డ్రైవర్‌ను వెబ్‌సైటు నుంచి దించుకున్న ఫైలుతో ఎప్పుడూ పెట్టను, డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ప్యాకేజీనే వాడతాను. కెర్నెల్ మారినప్పుడు ఏమి జరిగిందో చదివి చూస్తాను. సంతకం లేనిదాన్ని నడవనివ్వని సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, ఇంట్లో తయారైన డ్రైవర్‌కు మన సొంత తాళంచెవితో సంతకం పెట్టాలి. ఆ తాళంచెవిని బోర్డుకు పరిచయం చేయడానికి ఒకసారి నీలం తెర వస్తుంది. అక్కడ పది క్షణాల్లో ఏ కీ నొక్కకపోతే అది దాటిపోతుంది. నాకు అది రోజువారీ పని. మామయ్యకు ఆ నీలం తెర ఎందుకు? కెర్నెల్‌లోనే ఉండే డ్రైవర్‌కు డిస్ట్రిబ్యూషన్‌వాళ్ళే సంతకం పెట్టి పంపుతారు.

ఆదివారం చాలా దుకాణాలు మూసే ఉంటాయని తర్వాతి శనివారం రిచీ స్ట్రీట్‌కు వెళ్ళాము. మౌంట్ రోడ్డు నుంచి లోపలికి తిరగగానే కేబుళ్ళ కట్టలు, పాత మానిటర్లు, చెమటలు కక్కుతూ అట్టపెట్టెలు మోసే కుర్రాళ్ళు. మామయ్యకు ఆ వీధి కొట్టినపిండి. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని ఒక దుకాణం ఆయన "మీరు నెల్లూరు వైపా?" అని కుర్చీ జరిపారు. వాళ్ళ తాతలు గూడూరు నుంచి వచ్చారట. చెన్నైలో ఇలాంటి పలకరింపు ఎక్కడ ఎదురవుతుందో చెప్పలేము.

ఆయన ముందుగా చూపించింది జీటీ 710. "వీడియో చూడ్డానికే కదండీ, డిస్‌ప్లే వస్తే చాలు" అన్నారు. చవకైనదే, కానీ అది కెప్లర్ తరం చిప్పు. దాని అసలు డ్రైవర్ 470 శ్రేణితో ఆగిపోయింది. జీటీ 730 ఇంకా గమ్మత్తైనది. ఒకే పేరుతో రెండు తరాల చిప్పులు అమ్ముడయ్యాయి. అందులో పాతదైన ఫెర్మీకి 390 శ్రేణే ఆఖరు. డబ్బాలో కొత్తగా మెరిసే కార్డు డ్రైవర్ లెక్కన ఎప్పుడో పదవీ విరమణ చేసి ఉండవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో దొరికే జీటీఎక్స్ 1050, 1060 కూడా ఇప్పుడు ఆ గట్టు మీదకే చేరాయి. వాటికి 580 శ్రేణి ఆఖరిది.

తర్వాత ఆర్ఎక్స్ 6400 చూపించారు. చిన్న కార్డు, 53 వాట్లు, విడిగా కరెంటు తీగ అక్కరలేదు. ఏఎండీది, డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది. నేను దానిమీద మనసు పెట్టుకునే వెళ్ళాను. కానీ ముందురోజు రాత్రి వివరాలు చదువుతుంటే తెలిసింది, ఆ చిప్పులో వీడియోను కుదించే భాగమే లేదు. విప్పుతుంది గానీ చుట్టలేదు. ఏవీ1 అనే కొత్త పద్ధతిలో కుదించిన వీడియోను విప్పడం కూడా రాదు. పైగా పీసీఐ స్లాట్‌లో నాలుగు దారులే వాడుకుంటుంది. మామయ్య బోర్డు పాతది కాబట్టి ఆ నాలుగు దారుల్లోనూ వేగం సగమే. వీడియో కూర్చే మనిషికి ఇది కొనిపెడితే, వంటమనిషికి మూత లేని కుక్కర్ ఇచ్చినట్టు ఉంటుంది.

ఇంటెల్ ఆర్క్ ఎ380 గురించి నిజంగా ఆలోచించాను. వీడియో పనికి అది గట్టి కార్డు. ఏవీ1లోకి కుదించడం కూడా వచ్చు. డ్రైవర్ కూడా కెర్నెల్‌లోనిదే. కానీ ఆర్క్ కార్డులు బాగా నడవాలంటే బోర్డులో రీసైజబుల్ బార్ అనే సౌకర్యం ఉండాలి. మామయ్యది రైజెన్ 5 2600. ఆ ప్రాసెసర్ తరానికి అది అధికారికంగా లేదు. కొత్త కంప్యూటర్ అయితే నా ఓటు దానికే పడేదేమో.

మరీ కొత్తదైన ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అద్దాల వెనుక ఉంది. దాన్ని పూర్తిగా నడిపించాలంటే మీసా 25.0, దానికి తగ్గ కొత్త కెర్నెల్ కావాలి. మామయ్య వాడేది లైనక్స్ మింట్ 22. అది మొదట వచ్చినప్పుడు దాంట్లో ఉన్నది మీసా 24.0, కెర్నెల్ 6.8. విండోస్‌లో కార్డు వెంట డ్రైవర్ వస్తుంది. లైనక్స్‌లో డిస్ట్రిబ్యూషన్ వయసుకు తగ్గ కార్డును మనం తెచ్చుకోవాలి. ఏడాదో రెండేళ్ళో పాతబడ్డ కార్డు, నిదానంగా నడిచే డిస్ట్రిబ్యూషన్, ఈ జంట కుదిరితే కొన్నేళ్ళ పాటు చెయ్యి పెట్టే పని ఉండదు.

చివరికి తీసుకున్నది ఆర్ఎక్స్ 6600. 2021లో వచ్చింది. 8 జీబీ మెమరీ, 132 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ ఒక్కటి. ఏవీ1 విప్పుతుంది. హెచ్ఈవీసీని విప్పుతుంది, చుడుతుంది. మామయ్య క్యాబినెట్‌లోని 500 వాట్ల ఎస్ఎంపీఎస్‌కు ఆ తీగ ఉందని ముందే మూత విప్పి చూసుకున్నాను. సెకండ్ హ్యాండ్‌లో ఇదే కార్డు తక్కువకు ఇస్తామన్నారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో నాణెం కార్డులతో తవ్వే (మైనింగ్) పద్ధతి మార్చుకున్నాక, రాత్రింబగళ్ళు మైనింగ్‌లో అరిగిన కార్డులు సంతలోకి కుప్పలుగా వచ్చాయి. ఏది ఏ ఎండలో ఎంత నడిచిందో పైకి కనిపించదు. బిల్లు, వారంటీ కాగితం ఉన్న కొత్తదే తీసుకున్నాము.

ఇంటికొచ్చాక వెంటనే కార్డు మార్చేయాలని మామయ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నేను ఆపాను. చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత కార్డు ఇంకా స్లాట్‌లో ఉండగానే దాని డ్రైవర్‌ను పూర్తిగా తీసేయాలి. సెట్టింగుల ఫైళ్ళతో సహా తుడిచేయాలి. తెర మీద బొమ్మ చూపే ఎక్స్ సర్వర్ కోసం రాసుకున్న పాత ఫైలు ఒక్కటి మిగిలినా, కొత్త కార్డు పెట్టాక అది లేని కార్డు కోసం వెతుక్కుంటూ తెర తెరవదు. అవి తీసేసి, ఆపి, గోడ దగ్గర ప్లగ్ పీకి, అప్పుడు కార్డు మార్చాము. పాతదాని ఫ్యాను రెక్కల మధ్య నాలుగేళ్ళ దుమ్ము, చెన్నై ఉప్పుగాలి తేమతో కలిసి బంకమట్టిలా గట్టిపడి ఉంది. మామయ్య దాన్ని పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో శుభ్రం చేసి, కాగితంలో చుట్టి, పైన తేదీ రాసి అటక మీద పెట్టారు.

మీట నొక్కాము. తెర వచ్చింది. నేను పెట్టిన డ్రైవర్ ఒక్కటీ లేదు. దించుకున్నది లేదు, తయారు చేసినది లేదు.

తెర వచ్చినంత మాత్రాన నమ్మకూడదు. కార్డు పనిచేయకపోయినా ప్రాసెసరే బొమ్మలు గీసి నెట్టుకొస్తుంది. మనకు మందకొడితనం తప్ప మరేమీ తెలియదు. అందుకే జీఎల్ఎక్స్‌ఇన్‌ఫో కమాండ్ నడిపి రెండరర్ అన్న వరుస చూపించాను. అక్కడ ఎల్ఎల్‌వీఎం‌పైప్ అని ఉంటే కార్డు ఊరికే కూర్చుందని అర్థం. మాకు రేడియాన్ ఆర్ఎక్స్ 6600 అని వచ్చింది. తర్వాత, కార్డు ఏ వీడియోలను విప్పగలదో చుట్టగలదో చెప్పే వీఏఇన్‌ఫో. హెచ్ఈవీసీ వరుసలు రెండు రకాలూ, విప్పేవీ చుట్టేవీ, కనిపించాయి. ఫెడోరా అనే డిస్ట్రిబ్యూషన్ వాడేవాళ్ళు ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పేటెంట్ల కారణంగా 2022 నుంచి ఫెడోరా మీసాలో హెచ్264, హెచ్ఈవీసీ ఉండవు. ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి మరో ప్యాకేజీ తెచ్చుకోవాలి. మింట్‌లో ఆ బెడద లేదు.

మా ఆడపడుచు పంపిన 4కె వీడియో తెరిచాము. ప్రాసెసర్ గ్రాఫు నేల మీద పాకుతోంది. కెడెన్‌లైవ్‌లో, వీడియో పనిని కార్డుకు అప్పగించే వీఏ-ఏపీఐ అన్న పద్ధతి ఎంచుకుని పది నిమిషాల ముక్క ఒకటి తయారు చేశాము. అత్తయ్య కాఫీ పెట్టి తెచ్చేలోగా అయిపోయింది. ఆ ముక్కలో మా ఆయన పదేళ్ళ పిల్లవాడు, మెరీనాలో గాలిపటం దారం చిక్కు విప్పుకుంటూ ఉన్నారు. పక్క నుంచి మామయ్య గొంతు, ఇప్పటికన్నా గట్టిగా, "లాగకు, వదులు" అని.

ఒక్క ముడి విప్పలేకపోయాను. హాల్లోని పెద్ద టీవీని 4కెలో 120 హెర్ట్జ్‌తో నడపాలన్నది మామయ్య కోరిక. దానికి హెచ్‌డీఎంఐ 2.1 కావాలి. కార్డుకు ఆ సత్తా ఉంది. ఏఎండీ తెరిచిన డ్రైవర్‌లో దాన్ని రాసి అనుమతి అడిగితే, 2024 ఫిబ్రవరిలో ఆ ప్రమాణాన్ని చూసుకునే హెచ్‌డీఎంఐ ఫోరమ్ ఒప్పుకోలేదు. డిస్‌ప్లేపోర్ట్‌కు ఇలాంటి అడ్డు లేదు, కానీ ఆ టీవీకి ఆ రంధ్రం లేదు. అందుకని 60 హెర్ట్జ్‌లో చూస్తున్నాము. ఇది చెప్పినప్పుడు ఆయన అన్నది: "అంటే ఈ ఒక్క భాగం డ్రాయింగ్ మాత్రం వాళ్ళ బీరువాలో ఉందన్నమాట." అవునన్నాను. నోట్‌బుక్‌లో అదీ రాసుకున్నారు.

మొన్న పెరంబూరు వెళ్ళినప్పుడు ఆ నోట్‌బుక్ తిరగేశాను. కార్డు మార్చాక కెర్నెల్ మూడుసార్లు మారింది. మూడు తేదీలు, మూడు కెర్నెల్ అంకెలు, మూడో గడిలో ఒకే మాట మూడుసార్లు: తెర వచ్చింది. ఆ మూడు రోజుల్లో ఒక్కనాడూ నాకు ఫోను రాలేదు.